హబ్ నట్ ఎంత బిగించాలి?

ప్రశ్న: మా దగ్గర 1960ల నాటి కారు ఒకటుంది. ముందు ఎడమ చక్రం దగ్గర మూలుగు మొదలైతే నేనే విప్పి, రెండు వైపులా కొత్త టేపర్ రోలర్ బేరింగులు వేశాను. చక్రం ఇసుమంత కూడా ఊగకూడదని పానాతో నట్ గట్టిగా బిగించాను. పాతిక కిలోమీటర్లు వెళ్లేసరికి ఎడమ హబ్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయింది, గ్రీజు మాడిన వాసన కూడా వచ్చింది. నట్ వదులు చేస్తే చక్రం కదులుతోంది. తెలిసిన మెకానిక్ ఒకాయన 'లూజు ఉంటే చక్రం ఊడిపోతుంది, బిగించండి' అంటున్నాడు. ఇంకొకాయన 'కొంచెం లూజు ఉండాల్సిందే' అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఒకసారి కాలిన బేరింగులు మళ్లీ వాడొచ్చా? వెనక చక్రాలకూ ఇదే పద్ధతా?

సమాధానం: రెండో ఆయన మాట వినండి. కాకపోతే ఆయన చెప్పిన 'కొంచెం' ఎంతో తెలియకపోతే ఆ సలహా వల్ల కూడా ఉపయోగం లేదు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

టేపర్ బేరింగులో రోలర్లు ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉంటాయి. బయటి రేసు, అంటే రోలర్లు దొర్లే బయటి రింగు, దాన్నే కప్పు అంటారు, అది హబ్‌లో (చక్రం బిగించే మధ్య భాగంలో) గట్టిగా కూర్చుని ఉంటుంది. లోపలి రేసు, రోలర్లు, వాటిని పట్టి ఉంచే పంజరం లాంటి కేజ్ కలిసి ఒకే ముక్కగా స్టబ్ యాక్సిల్ (హబ్‌ను మోసే, తాను తిరగని పొట్టి ఇరుసు) మీదికి వస్తాయి. దాన్నే కోను అంటారు. నట్ తిప్పుతున్నకొద్దీ కోను కప్పులోకి దిగుతుంది, మధ్యలో ఖాళీ తగ్గుతుంది. ఖాళీ పూర్తిగా పోయాక కూడా తిప్పుతూ పోతే ఇక రోలర్లు నలగడమే. కాబట్టి ఆ నట్ ఉన్నది బేరింగును బిగించి పట్టుకోవడానికి కాదు, ఎంత ఖాళీ ఉండాలో నిర్ణయించడానికి. వీల్ నట్లు బిగించిన చేత్తోనే దీన్నీ బిగిస్తే మీకు జరిగినట్టే జరుగుతుంది. హెన్రీ టిమ్కెన్ 1898లో ఈ బేరింగుకు పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి దీని గొప్పా ఇదే, ఇబ్బందీ ఇదే. బండి బరువునీ, మలుపులో పక్కకు తోసే బలాన్నీ రెండింటినీ మోస్తుంది. కానీ సరిగ్గా సెట్ చేసే బాధ్యత మాత్రం బిగించేవాడి మీదే పెడుతుంది.

ఆ కాలపు చాలా కార్లకు ఉండాల్సిన ప్లే, అంటే వదలాల్సిన ఖాళీ, 0.03 నుంచి 0.12 మిల్లీమీటర్ల మధ్యలో ఉంటుంది. మామూలు జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. అంటే హబ్ ముందుకూ వెనక్కూ కదిలే దూరం ఒక కాగితం మందానికి అటూ ఇటూగా ఉండాలి. మీ కారుకు ఎంతో వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది, దానిదే ఆఖరి మాట. అసలు ఖాళీ లేకుండా, అతి స్వల్పంగా నొక్కి ఉంచితే బేరింగు ఇంకా ఎక్కువ కాలం వస్తుందన్నది నిజమే. కానీ ఆ గీత దాటి కాస్త ముందుకు పోయామంటే ఆయుష్షు నిట్టనిలువునా పడిపోతుంది. కొలిచే పరికరాలు లేనప్పుడు ఆ గీత దగ్గరికే వెళ్లకూడదు. బిగుతు ఎక్కువైతే వేడి పుడుతుంది, వేడికి లోపలి భాగాలు వ్యాకోచించి ఉన్న ఖాళీ కూడా పోతుంది, దాంతో ఇంకా వేడి. గ్రీజు పల్చబడి సీల్ దాటి బయటికి కారుతుంది. మీకు వచ్చిన వాసన అదే.

ఇక చక్రం ఊడిపోతుందన్న భయం. నట్, వాషరు, స్ప్లిట్ పిన్ (నట్ తిరిగిపోకుండా అడ్డంగా దూర్చి కొసలు వంచే పిన్ను) సరిగా ఉన్నంతవరకు కాగితమంత లూజుకు ఏ చక్రమూ ఊడదు. బేరింగు కాలి పట్టేసి, కోను స్టబ్ యాక్సిల్ మీదే తిరుగుతూ యాక్సిల్‌నే కోసేసినప్పుడు ఊడుతుంది. మొదటి ఆయన దేనికి భయపడుతున్నాడో, ఆయన సలహా పాటిస్తే సరిగ్గా అదే జరుగుతుంది. అలాగని బాగా లూజుగా వదిలేయడం కూడా మంచిది కాదు. డిస్కు బ్రేకులున్న బండిలో హబ్ ఊగితే డిస్కు ప్యాడ్లను వెనక్కి తోస్తుంది. అప్పుడు బ్రేకు పెడల్ మొదటిసారి లోపలికి పోయి, రెండోసారి తొక్కితే గట్టిగా దొరుకుతుంది. బ్రేకుల్లో గాలి చేరిందనుకుని పదే పదే బ్లీడింగ్ చేసుకుంటూ కూర్చునేవాళ్లు ఒకసారి వీల్ బేరింగు వైపు కూడా చూడాలి.

మీ రెండో ప్రశ్న. ఎడమ వైపు బేరింగులు రెండూ విప్పి, కిరసనాయిల్లో బాగా కడిగి, ఆరనిచ్చి, వెలుతురులో చూడండి. ఆరబెట్టడానికి కంప్రెసర్ గాలి కొట్టి రోలర్లను గిర్రున తిప్పే సరదా మాత్రం వద్దు. గ్రీజు లేని బేరింగు ఆ వేగానికి పాడవుతుంది, కేజ్ తెగితే రోలర్ తూటాలా వస్తుంది. రోలర్ల మీద గానీ రేసు మీద గానీ లేత పసుపు, గోధుమ, నీలి రంగులు కనిపిస్తే ఉక్కు వేడి తిన్నదని అర్థం. మాడిన గ్రీజు కూడా గోధుమ రంగు పొర వదులుతుంది కాబట్టి ముందు గుడ్డతో గట్టిగా తుడిచి చూడండి. తుడిస్తే పోయేది గ్రీజు మరక, పోనిది ఉక్కు రంగు. నీలం కనిపించిందా, ఇక ఆలోచించకుండా పారేయండి. రంగు మారకపోయినా, రోలర్ల లావు కొస ఆనే అంచు మీద గీరుకుపోయిన గుర్తులుంటే అదీ పనికిరాదు. బిగుతు ఎక్కువైనప్పుడు మొదట దెబ్బతినేది ఆ అంచే, చాలామంది అక్కడ చూడనే చూడరు. పాతిక కిలోమీటర్లు చెయ్యి పెట్టలేని వేడిలో తిరిగిందంటున్నారు కాబట్టి, నన్నడిగితే ఎడమ వైపు కొత్త సెట్ వేసేయండి. కుడి వైపు కాలలేదు కాబట్టి విప్పి చూసి, శుభ్రంగా ఉంటే మళ్లీ వాడుకోవచ్చు. కప్పూ కోనూ ఒకే సెట్‌గా మార్చాలి. పాత కప్పు మీద కొత్త కోను వేయకూడదు.

కొత్తవి వేసే ముందు ఇంకో సంగతి తేల్చుకోండి. వదులు చేస్తే చక్రం కదులుతోందన్నారు, ఆ కదలిక బేరింగుదేనా? పాత కార్లలో కింగ్ పిన్ను గానీ బాల్ జాయింటు గానీ (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకు తిరగడానికి వీలిచ్చే కీళ్లు) అరిగినా చక్రం అచ్చంగా అలాగే ఊగుతుంది. జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. అలా ఊపుతుండగా లోపల ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కగానే ఊపు ఆగిపోతే అది బేరింగు లూజు. బ్రేకు తొక్కినా ఊగుతూనే ఉంటే నట్ ఎంత తిప్పినా లాభం లేదు, జబ్బు సస్పెన్షన్‌లో ఉంది. ఈ పరీక్ష చేయకుండా కింగ్ పిన్ లూజును హబ్ నట్‌తో సరిచేయబోయి బేరింగులు మాడ్చుకున్న బళ్లకు లెక్కలేదు.

ఇప్పుడు బిగింపు. స్టబ్ యాక్సిల్ మీద కోను కూర్చునే చోట నీలిరంగు, గాడి, చిట్లిన గుర్తులు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. కోను చేత్తో తోస్తే జారేంత వదులుగా ఉండాలి, అది లోపం కాదు. సుత్తితో కొడితే తప్ప ఎక్కకపోతే యాక్సిల్ మీద గరుకు ఉందన్నమాట, సన్నటి ఎమరీతో తీసేయాలి. లేకపోతే నట్ తిప్పినప్పుడు కోను కదలదు, మీరు పెట్టిన సెట్టింగు అంతా అబద్ధమే.

పాత కప్పు తీయడానికి హబ్ లోపల ఎదురెదురుగా రెండు గాడులుంటాయి. వాటిలోంచి పంచ్ పెట్టి ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు వేస్తూ కదిలించాలి. ఒకే వైపు కొడితే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. కొత్త కప్పును రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, హబ్‌ను కాస్త వేడి చేస్తే సగం పని దానంతటదే అవుతుంది. తర్వాత పాత కప్పు బయటి అంచును కొద్దిగా అరగదీసి, దాన్నే అడ్డం పెట్టి కొట్టండి. అరగదీయకపోతే అది కూడా హబ్‌లో ఇరుక్కుంటుంది. కొట్టేటప్పుడు చెవి అటే పెట్టండి. దిగుతున్నంతసేపూ ఓటి చప్పుడు వస్తుంది, అడుక్కి తగలగానే చప్పుడు మారి ఖణీమంటుంది. ఆ మార్పు వినిపించకపోతే కప్పు కింద చెత్తో, పాత గ్రీజో, చిన్న ఇనుప రజనో ఉండి ఉండొచ్చు. ఇప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించినా, నాలుగు రోజులు తిరిగాక ఆ చెత్త నలిగి కప్పు ఇంకాస్త లోపలికి దిగుతుంది, మీరు పెట్టిన ప్లే రెట్టింపవుతుంది. 'ఎంత సెట్ చేసినా మళ్లీ లూజవుతోంది' అనేవాళ్ల బళ్లలో తరచూ దొరికే కారణం ఇదే.

కప్పు చేత్తో తోస్తేనే హబ్‌లోకి వెళ్లిపోతుందా? అయితే హబ్ అరిగింది. లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు తెప్పించే పద్ధతి పాతదే గానీ, ఆ చుక్కలు కొద్ది రోజుల్లోనే అణిగిపోతాయి, కప్పు వంకరగా కూర్చుంటుంది. ముందు చక్రం విషయంలో ఆ పని వద్దు, హబ్ మార్చండి.

గ్రీజు గురించి చాలా చెప్పొచ్చు, ముఖ్యమైనవి రెండే. ఒకటి, వీల్ బేరింగుల కోసమే చేసిన, ఎన్‌ఎల్‌జీఐ అనే గ్రీజు కొలతలో 2వ నంబరు చిక్కదనం ఉన్న, ఎక్కువ వేడికి తట్టుకునే గ్రీజు వాడండి. లిథియం కాంప్లెక్స్ రకం చాలు. పాత గ్రీజు ఏ రకమో తెలియదు కాబట్టి పూర్తిగా కడిగేయాలి, దాని మీదే కొత్తది పూస్తే రెండూ పొసగక పల్చబడిపోయే ప్రమాదం ఉంది. రెండు, గ్రీజు రోలర్ల పైన పూయడం కాదు, లోపలికి ఎక్కించాలి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, కోను వెడల్పు అంచును దానిలోకి నొక్కుతూ లాగండి. కేజ్‌కీ లోపలి రేసుకీ మధ్యలోంచి దూరి, అవతలి సన్న అంచులో రోలర్ల సందుల్లోంచి గ్రీజు తీగలుగా బయటికి వచ్చేదాకా నొక్కాలి, చుట్టూ అలాగే తిప్పుతూ పోవాలి. హబ్ లోపలి ఖాళీని మాత్రం గ్రీజుతో కూరకండి. మూడో వంతు చాలు, సగం దాటొద్దు. నిండా కూరితే బండి నడుస్తున్నప్పుడు గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది, దారి దొరికితే బ్రేకు లైనర్ల మీదికి చేరుతుంది. మీ ఎడమ వైపు లైనర్లు గానీ ప్యాడ్లు గానీ ఇప్పటికే గ్రీజు తాగాయేమో చూడండి. తాగి ఉంటే పెట్రోలుతో కడిగి సరిపెట్టుకోకండి, రెండు వైపులా కలిపి మార్చాలి. అన్నట్టు, పాత కారు లైనర్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకుండా, మూతికి మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

లోపలి కోను పెట్టాకే ఆయిల్ సీల్ వేయాలి, స్ప్రింగు ఉన్న వైపు గ్రీజు వైపుకు ఉండాలి. పాత సీల్ మళ్లీ వాడొద్దు.

సెట్టింగు ఇలా చేయండి. వాషరు పెట్టి నట్ ఎక్కించండి. ఆ వాషరుకు లోపల ఒక నాలుక గానీ చదునైన అంచు గానీ ఉంటుంది. నట్‌తో పాటు కోను తిరిగిపోకుండా చూసేది అదే, కాబట్టి మామూలు గుండ్రటి వాషరుతో సరిపెట్టొద్దు. హబ్‌ను ఒక చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ, రెండో చేత్తో చిన్న పానాతో నట్ బిగించండి. తిప్పుతూ బిగించడం ముఖ్యం. ఆగి ఉన్న హబ్ మీద బిగిస్తే రోలర్లు అడ్డదిడ్డంగా ఆగిపోయి, అంతా సర్దుకున్నట్టు భ్రమ కలుగుతుంది. హబ్ తిరగడానికి కాస్త మొరాయించేదాకా బిగించాలి. టార్క్ పానా ఉంటే మాన్యువల్‌లో ఇచ్చిన అంకె దాకా, చాలా కార్లకు అది 15 నుంచి 25 న్యూటన్ మీటర్లు. ఇది రోలర్లను, గ్రీజును సర్దడానికే, అలాగే వదిలేయడానికి కాదు. ఇప్పుడు నట్‌ను పూర్తిగా వదులు చేసి, పానా పక్కన పెట్టి, ఉత్త వేళ్లతో తగిలేదాకా తిప్పండి. అక్కడి నుంచి స్ప్లిట్ పిన్ రంధ్రం ఎదురుపడేదాకా వెనక్కి తిప్పాలి. ముందుకు కాదు, వెనక్కే.

పేచీ ఇక్కడే వస్తుంది. స్టబ్ యాక్సిల్ మర అంగుళానికి 20 చుట్లు అనుకుంటే, నట్ ఒక పూర్తి చుట్టుకు 1.27 మిల్లీమీటర్లు జరుగుతుంది. కాజిల్ నట్‌కు, అంటే స్ప్లిట్ పిన్ దూరడానికి పైన గాడులున్న నట్‌కు, 6 గాడులు. యాక్సిల్‌కు ఒకటే రంధ్రం ఉంటే, ఒక గాడి నుంచి పక్క గాడికి వెళ్లేసరికి 0.21 మిల్లీమీటర్లు. మనకు కావలసిన దానికి అది దాదాపు రెట్టింపు. అంటే ఒక గాడిలో టైటు, పక్క గాడిలో లూజు. మీకు జరిగిందీ ఇదే కావచ్చు. కొన్ని యాక్సిళ్లకు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు రంధ్రాలుంటాయి. అప్పుడు అడుగు 0.106 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, పని సులువవుతుంది. మీది ఒకటే రంధ్రం ఉన్నదైతే, సమతలంగా ఉన్న అద్దం మీద సన్న ఎమరీ పరిచి, వాషరును దాని మీద కొద్దిగా రుద్ది మందం తగ్గించండి, లేదా కాస్త వేరే మందం ఉన్న సరైన వాషరు దొరికితే అది వేయండి. నట్ తగిలే చోటు మారుతుంది, గాడి సరైన దగ్గర ఎదురుపడుతుంది. రేకు టోపీలా మామూలు నట్ మీద కూర్చునే లాక్ ఉన్న కార్లలో ఈ గొడవ లేదు. టోపీని తిప్పి తిప్పి పెట్టుకుంటే మధ్యలో బోలెడు స్థానాలు దొరుకుతాయి.

డయల్ గేజు (అతి చిన్న కదలికను కొలిచే పరికరం) ఉంటే హబ్ ముఖానికి ఆనించి, హబ్‌ను నేరుగా లోపలికీ బయటికీ లాగి నెట్టి చూడండి. ఊపకూడదు, ఊపితే తప్పుడు అంకె వస్తుంది. గేజు లేకపోతే ఆ నాలుక వాషరునే కొలబద్దగా వాడుకోండి. స్క్రూడ్రైవరు కొసతో దేన్నీ ఊతం పట్టకుండా, కేవలం వేలి బలంతో నెట్టితే వాషరు అటూ ఇటూ జరగాలి. గిలగిల్లాడితే లూజు ఎక్కువ, స్క్రూడ్రైవరు మెలితిప్పితే గానీ కదలకపోతే టైటు. పాత పోర్షా 911కి చెప్పే పద్ధతి ఇదే. చక్రం ఎక్కించాక పైనా కిందా పట్టి ఊపితే ఉందా లేదా అన్నంత 'టిక్' తగలొచ్చు. దాన్ని చూసి కంగారుపడి మళ్లీ బిగించకండి.

స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే, రంధ్రానికి సరిపోయే లావుది. కొసలు వంచాక, హబ్ మీద మూసే డస్ట్ క్యాప్‌కు రాసుకోకుండా చూసుకోండి.

ఇదంతా మీ కారుకు నట్‌తో ప్లే సెట్ చేసే టేపర్ బేరింగులు ఉన్నాయన్న లెక్క మీద చెప్పాను. ఆ కాలపు కార్లన్నీ అలా లేవు. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ముందు హబ్‌లో రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం, షిమ్‌లు అనే సన్నటి రేకు రింగులు ఉంటాయి. అక్కడ ప్లే నిర్ణయించేది షిమ్‌లు, నట్‌ను మాత్రం గట్టిగానే బిగించాలి. ఆ గొట్టం తీసి పారేసి మామూలు పద్ధతిలో సెట్ చేసేవాళ్లు ఉన్నారు గానీ అది స్టబ్ యాక్సిల్‌కు బలాన్నిచ్చే భాగం, తీయకూడదు. మోరిస్ మైనర్‌లో ముందు చక్రాలకు బాల్ బేరింగులే, వాటికీ మధ్యలో గొట్టం ఉంటుంది, నట్ పూర్తిగా బిగించాల్సిందే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఎడమ స్టబ్ యాక్సిల్ మర ఎడమచేతి మర. తెలియక మామూలు వైపు తిప్పి బలం ప్రయోగిస్తే విప్పుతున్నామనుకుంటూ బిగిస్తుంటాం. కాబట్టి హబ్ విప్పినప్పుడు లోపల గొట్టం గానీ షిమ్‌లు గానీ కనిపించి ఉంటే, మాన్యువల్ చూడకుండా నేను చెప్పినట్టు చేయకండి.

వెనక చక్రాల సంగతి వేరు. ఇంజిను ముందు, డ్రైవు వెనక ఉన్న కార్లలో చాలావాటికి వెనక బేరింగును ప్రెస్‌తో ఎక్కిస్తారు, సెట్ చేయడానికేమీ ఉండదు. అరిగితే మార్చడమే. డ్రైవు ముందుండి వెనక చక్రాలు ఊరికే తిరిగే కార్లలో మాత్రం తరచుగా టేపర్లే ఉంటాయి, వాటికి పైన చెప్పిన పద్ధతే వర్తిస్తుంది.

అంతా అయ్యాక పది పదిహేను కిలోమీటర్లు వెళ్లి, వీలైనంత తక్కువ బ్రేకు వాడుతూ ఆపి, డస్ట్ క్యాప్ మీద చెయ్యి పెట్టండి, డిస్కు మీద కాదు. రెండు వైపులా గోరువెచ్చగా, దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి చల్లగా, ఒకటి వేడిగా ఉంటే ముందు బ్రేకు పట్టేస్తోందేమో చూసి, అది కాదని తేలాకే నట్ జోలికి వెళ్లండి. కొత్త కప్పులు సర్దుకుంటాయి కాబట్టి ఒకటి రెండు వందల కిలోమీటర్లు తిరిగాక ప్లే ఇంకోసారి చూసి, కొత్త స్ప్లిట్ పిన్ వేయండి. పాత కార్లు తిరిగేది తక్కువ, నిలిచి ఉండేది ఎక్కువ. నెలల తరబడి కదలకపోతే రోలర్ ఆనిన చోటల్లా తేమ చేరి, రోలర్ల ఎడంలోనే రేసు మీద నల్లటి గీతలు పడతాయి. మీకు మొదట్లో వినిపించిన మూలుగుకు కారణం అదే అయి ఉండొచ్చు. పాత కప్పులు ఇంకా పారేయకపోతే తుడిచి, ఆ గీతలున్నాయేమో చూడండి. ఉంటే గనక ఈసారి గ్రీజు మార్చే గడువును కిలోమీటర్లను బట్టి కాకుండా సంవత్సరాలను బట్టి పెట్టుకోండి, బండి వాడకపోయినా అప్పుడప్పుడూ బయటికి తీసి కాసేపు తిప్పి రండి.